గడకు కట్టిన సంచి

చిల్వా సరస్సుకి బయటికి దారి లేదు.
ఏళ్ళు వచ్చి కలవడమే గాని
ఒక్క ఏరూ దాన్ని వదిలి పోదు.
అందుకే ఆ నీళ్ళకి ఉప్పదనం.
ఈ సంగతి న్యోజాని చెప్పాడు,
నడిరాత్రి, గడ వేసి పడవ తోస్తూ.
నా ఒళ్ళో పెట్టె. పెట్టెలో ఏడు సంచులు.

జమ్ము కోసి, తొక్కి, పొరలుగా పరిచి
దాని మీద తేలే గుడిసెలు వేసుకుంటారు వీళ్ళు.
చేప పడినన్నాళ్ళూ అక్కడే వంట, అక్కడే పడక,
కడుపు కదిలితే ఆ అంచునే కూర్చోవడం,
ఈ అంచున ముంచుకుని తాగడం.
తప్పు పట్టడానికి నాకు నోరేది?
ఒడ్డున మా ఆస్పత్రి కుళాయిలో
చుక్క రాలి నెల దాటింది.

లజబుకి ఇరవై రెండు.
పొద్దుగూకేటప్పటికి ఇరవై రెండే.
ఇప్పుడు చూస్తే ముసలివాడు.
కళ్ళు గుంటల్లోకి జారాయి, వేళ్ళు చాకిరేవులో నానినట్టు ముడతలు.
పొట్ట మీది చర్మం పట్టి వదిలితే
మడత మడతగానే నిలిచింది.
కింద బకెట్లో బియ్యం కడుగులాంటి నీళ్ళు.
వాడిలోంచి అన్నీ బయటికే దారులు.

సైకిల్ ట్యూబు ముక్క బిగించి కట్టాను.
మోచేతి వంపున అరచేత్తో కొట్టాను.
మొదటి సూది పొల్లు. రెండోది పొల్లు.
వానలు తప్పిన ఏడు ఈ సరస్సు ఏం చేస్తుందో
వాడి నరాలూ అదే చేశాయి,
అంచుల్ని వదిలేసి నడిమికి ముడుచుకున్నాయి.
మెడ పక్కన ఒక్కటి, దారప్పోగంత.
తొమ్మిదేళ్ళ నర్సు పనిలో
మెడలో నేనెన్నడూ గుచ్చలేదు.
వాడి మేనత్త అబిటి సలాంజె
ఫోను లైటు పళ్ళతో కరిచి పట్టుకుంది.
ఆ వెలుగు వణకలేదు. నా చెయ్యి వణికింది.
సూది తోకలో ఎర్రగా ఒక చుక్క.

సంచి ఎక్కడ వేలాడదీయాలి?
కప్పు చూస్తే నడుమెత్తు.
న్యోజాని మాట్లాడకుండా గడ తెచ్చి
జమ్ము నేలలోంచి అడుగు బురద దాకా దించాడు.
వలతాడుతో సంచి కట్టాం.
గుడిసె ఊగుతోంది, మేం ఊగుతున్నాం,
గడ మాత్రం కదల్లేదు.
మొదటి సంచి చుక్కలుగా కాదు, ధారగా దిగింది.
రెండోది సగమయ్యేసరికి
మణికట్టులో ఏదో తట్టింది,
తలుపు తెరుస్తారో లేదోనని అనుమానంగా తట్టినట్టు.

అప్పుడు వినిపించింది కేక.
నాలుగు గుడిసెల అవతల, ఆడగొంతు.
పిల్లట. తెల్లారినుంచీ విరేచనాలట.
పడవ ఉంది. గడ ఇక్కడ పాతి ఉంది.
న్యోజాని నా మొహం చూశాడు. నేను గడను చూశాను.

అబిటి సలాంజె లేచి సంచి విప్పుకుంది.
చెయ్యి తలకి పైగా ఎత్తి, "వెళ్ళండి" అంది.
అయిపోతే ఎలా మార్చాలో చూపబోయాను.
"చూశానుగా ఒకసారి."
ఐదు అక్కడ ఉంచి, రెండు పట్టుకెళ్ళాను.

తెల్లవారుతుండగా తిరిగొచ్చాం.
లజబు పక్కకి తిరిగి, గొంతు బొంగురుగా,
తన వల ఎవరు లాగారని ఎవర్నో తిడుతున్నాడు.
"ఉచ్చ పోశాడు" అంది ఆమె,
పెళ్ళి కుదిరిందన్నట్టు.
ఖాళీ సంచులు నాలుగు వరసగా మడిచి పెట్టింది.
ఐదోది ఇంకా చేతిలోనే, ఇంకా పైనే,
కాలి బొటనవేళ్ళ మీద నిలబడి.
గడ మళ్ళీ పాతి కట్టేశాక కూడా
ఆ చెయ్యి కిందికి రాలేదు.

నా పెట్టెలో ఒక సంచి
తెరవకుండానే వెనక్కి వచ్చింది.
ఆమె దాన్ని చూసింది. అడగలేదు.
అడిగింది వేరే:
"ఏముంటుంది ఇందులో?"
"నీళ్ళు. కాస్త ఉప్పు. ఇంకేవో రెండు మూడు."
"ఉప్పు నీళ్ళేనా" అని
ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని
నిద్రపోయిన బిడ్డని దించినట్టు
మెల్లగా ఒళ్ళోకి దించుకుంది.