పేరు లేని జమ

గుణుపురం రెల్లివీధిలో
మా బ్యాంకుకి మొదటి పద్దుపుస్తకం చీపురు.

నవ్వకండి.
ఇంటికో పుల్ల, దాచిన రూపాయికో గాటు.
అప్పు తీసుకుంటే పుల్ల తిరగేసి
మొదలు వైపునుంచి గాటు.
అరవై రెండు పుల్లలకి ఒకటే నులకతాడు,
ఆ ముడి విప్పడం తౌడమ్మ ఒక్కర్తికే తెలుసు.

తౌడమ్మ మా నాన్నకి మేనత్త.
ముందు పుట్టినోళ్లు ముగ్గురూ దక్కలేదని
పురిట్లోనే పక్కింటికి చేటెడు తౌడుకి అమ్మి
పొద్దుగూకే వేళ మళ్లీ కొనుక్కున్న పిల్ల.
“బేరం నాకు బొడ్డు కొయ్యకముందే తెలుసు” అనేది.

జీతం రోజు మున్సిపాలిటీ గేటు పక్కన
సైకిలుకి స్టాండు వేసుకుని వడ్డీవాడు.
మా చేతినుంచి వాడి సంచికి పదకొండు అడుగులు.
పెంటయ్య తాత కొలిచాడు.
ఊడ్చేవాడికి నేల లెక్క తప్పదు.

ఊళ్లో పెద్ద బ్యాంకు అరుగు
తొమ్మిదేళ్లు ఆయన ఊడ్చిందే.
అప్పు కాయితం అడిగిన రోజున మాత్రం
“ఇటు కాదు, వెనకనుంచి రా” అన్నారు.
వెనక గుమ్మం లేదు.
పాయిఖానా ఉంది.

ఆ రాత్రి బిస్కట్ల రేకుడబ్బాలో ముప్పై ఒక్క రూపాయి.
కొండ దిగిన సవరోళ్ల దగ్గర సీతాఫలాలు కొనడానికి
నూకరత్నానికి తొమ్మిది, మా మొదటి అప్పు.
వడ్డీ?
గంప అడుగున మగ్గిపోయిన పళ్లు.
వీధి పిల్లలం తినేవాళ్లం.

రిజిస్ట్రీకి కోరాపుట్ వెళ్లారు.
పేరు ‘మన సొమ్ము’ అని చెప్పారు.
ఒరియాలో మన అంటే మనసట.
“మనసుకి సొమ్మేమిటి?” అని గుమస్తా నవ్వి, అలాగే రాశాడు.
బోర్డు మీద ఇప్పటికీ రెండు లిపులు,
ఎవరికొచ్చినట్టు వారు చదువుకుంటారు.

వంశధార వీధిలోకొచ్చిన రాత్రి
తౌడమ్మ డబ్బా ఒళ్లో పెట్టుకుని
పాకల బడి కప్పు మీద కూర్చుంది.
డబ్బా దక్కింది.
ఊడ్చేవాళ్ల పుస్తకాన్ని ఏరు ఊడ్చుకుపోయింది.

అయిదో రోజు, మోకాలి లోతు ఒండ్రులో,
“పుల్లలు పోతే పోనాయి. నోళ్లున్నాయి కదా, సెప్పండి” అంది.

“నాను ఇరవై.”
“నాను ఎనిమిది. కాదు కాదు, తొమ్మిది.”
“ఆడు ఏట్లో ఎల్లిపోనాడు, ఆడి పదహారూ నావే.”

ఎనిమిదో తరగతి చదివే మా నాన్న
తడిసిన తలుపు మీద బొగ్గుతో రాశాడు.
తౌడమ్మ తలలో ఉన్న బాకీ నాలుగొందల పన్నెండు.
తలుపు మీద తేలింది నాలుగొందల పంతొమ్మిది.

మళ్లీ అడిగారు.
ఒక్కరూ మాట మార్చలేదు.
తౌడమ్మ అందరి మొహాలూ ఓసారి చూసి
“రాసీరా అబ్బీ” అంది, అంతే.

ఏడాదికి మొత్తం తిరిగొచ్చింది,
ఆ ఏడుతో సహా.

ఇప్పుడు పద్దులు నేను చూస్తున్నాను.
కంప్యూటరుంది, ఫ్యానుంది,
ముందువైపే గుమ్మం ఉంది.
ఏటా వచ్చే ఆడిటరు అదే గీత దగ్గర ఆగుతాడు:
“ఈ ఏడు రూపాయలు ఎవరివి? కొట్టేయండమ్మా.”

కొట్టెయ్యను.
పేరు గడి ఖాళీగా వదిలితే యంత్రం ఒప్పుకోదు.
మార్చి ముప్పై ఒకటి రాత్రి
అందరూ వెళ్లాక
ఆ గడిలో చిన్న అడ్డగీత పెడతాను,

పుల్లంత.