ఊనా బండి

సరస్సంటే సరస్సే, నీళ్ళు మాత్రం అడక్కండి.
దక్షిణ ఆస్ట్రేలియాలో ఎర్రమట్టి దారికి ఆఖరి గేటు దాటాక
కళ్ళు చికిలించినా సగమే ఇమిడే తెలుపు.
దిగేచోట ఎవరింట్లోవో పాత తివాచీలు పరిచారు.
మట్టి అంటిన టైరుని ఉప్పు మీదికి రానివ్వరు.
ఊనా ట్రెగెంజా మోకాళ్ళ మీద కూచుని
స్క్రూడ్రైవరు మొనతో ఒక్కో గాడీ గీకింది,
గొర్రె గిట్టలో ముల్లు తీసినట్టు.

పద్దెనిమిదేళ్ళ డీజిల్ పికప్.
మూడు లక్షల తొంభై వేల కిలోమీటర్లలో
తారు చూసింది తక్కువ.
దాణా బస్తాలు, కంచె తీగ చుట్టలు, ఈనలేని గొర్రెలు,
పక్క సీటులో ఎప్పుడూ కుక్క.
లోపలి ఇనప పంజరం వెల్డింగు నాది.
మిగతా తెలివితక్కువతనమంతా తనదేనని
తనే అందరికీ చెబుతుంది.

తనిఖీకి వచ్చిన డూగల్ సీటు కింద చెయ్యి పెట్టి
"ఊడేదేదీ ఉండకూడదు" అన్నాడు.
తీశాం.
కంచె మేకులు పదకొండు. గొర్రెల చెవిబిళ్ళలు.
గుప్పెడు గోధుమలు, అందులో రెండు మొలకెత్తి ఎండినవి.
కుక్క వెంట్రుకలు ఇంకో కుక్కకి సరిపడా.
విప్పని బ్యాంకు ఉత్తరం ఒకటి.
దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుంది.
నేను ఆకాశం చూశాను.

ఖాళీ చేస్తే బండి తేలికైంది,
తేలికైతే వెనక చక్రాలు ఉప్పు మీద నిలవవు.
అందుకని అరిగిన నాగలి పళ్ళేలు తొమ్మిది
తొట్టిలో బోల్టులు బిగించాం.
వానల్లేక మూడేళ్ళుగా షెడ్డులో పడున్నవి,
ఏదో ఒక పనికొచ్చాయి.

రెండు రోజులు గాలి. రెండు రోజులు ఈగలు.
మూడో పొద్దున వరసలో మా ముందు
తూనీగ తోకంత సన్నని బండి,
పదేళ్ళ జీతం, ఒక పెళ్ళి ఖర్చయ్యాయట దాని మీద.
అది పోయాక చాలాసేపటికి దాని చప్పుడు పోయింది.
తర్వాత ఊనా.
ఎరువు తెచ్చుకున్న నిప్పుల కోటు, చేతులు రెండు మడతలు.
జెండా ఊగింది.
పాపం, మా బండి బయల్దేరడమే
పొలానికి బయల్దేరినట్టు బయల్దేరింది.

రెండో గేరు. మూడో గేరు.
కుక్క నా కాలికి ఆనుకుని వణుకుతోంది.
మైలు దాటేసరికి ఎండమావి చక్రాల్ని మింగింది,
తర్వాత తలుపుల్ని.
కప్పు ఒక్కటే తేలుతూ పోయింది,
నీళ్ళు లేని సరస్సులో పడవలాగా.

కంపెనీ పుస్తకంలో రాసింది నూట డెబ్బై.
చీటీ మీద వచ్చింది నూట డెబ్బైమూడు పాయింట్ నాలుగు.
ఆ మూడున్నర ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకుందో!
ఎలా ఉందని అడిగితే ఊనా ఆలోచించి
"డ్రైవరు తలుపు ఈల వేసింది" అంది.
"ఆరేళ్ళుగా వేస్తోందిగా?"
"మూడో మైలు దగ్గర మానేసింది."
అంతే చెప్పింది.
వేగం చీటీ అదే జేబులో, ఆ ఉత్తరం పక్కన పెట్టుకుంది.

తిరుగుదారిలో తొంభై దాటలేదు, డీజిల్ దండగని.
మూడు ట్రెయిలర్ల లారీ ఒకటి హారన్ కొట్టి మమ్మల్ని దాటిపోయింది.
పోనీ అన్నట్టు చెయ్యి ఊపింది.
కుక్క కిటికీలోంచి నోరు తెరిచి
గాలినంతా తాగుతోంది.

బండి అడుగు మూడు రోజులు కడిగాం.
అయినా తలుపు మడతల్లోంచి, దీపాల వెనకనించి
ఉప్పు రాలుతూనే ఉంది.
మొన్న వెళ్ళేసరికి బండి చుట్టూ మంద.
తలుపు మీద తెల్ల నంబరుని
ముసలి గొర్రె ఒకటి తీరిగ్గా నాకుతోంది.
ఊనా అదిలించలేదు.
మెట్టు మీద కూచుని, కళ్ళజోడు సర్దుకుని,
కంచె మేకుతో ఆ కవరు అంచు చింపుతోంది.