కెప్టెన్ ఎడమ కాలు

మొదట చెవికి తెలిసింది.
వంటింటి లినోలియం మీద
నాలుగు గోళ్ళ చప్పుళ్ళు ఉండాలి కదా,
ఆ మంగళవారం మూడే వినిపించాయి.
నాలుగోది ఒక గీత,
తడిసిన చీపురు ఈడ్చినట్టు.

లియెపాయ ఊళ్ళో ముప్ఫై ఒక్కేళ్ళు ట్రామ్ నడిపినదాన్ని,
చక్రం మూలిగితే వంగి చూడకుండానే
ఏ పక్కదో చెప్పగలను.
వెనక. ఎడమ.

కెప్టెన్ రేడియేటర్ కింద ఆగి ఉన్నాడు,
ఆ కాలు వెనక్కి వదిలేసి,
ఎవరో పారేసుకున్న చేతితొడుగులా.
వేలితో తాకితే లోపలికి లాక్కోలేదు.
అదే నన్ను భయపెట్టింది.
తాబేలంటేనే లాక్కోవడం గదా.

మా గునార్స్ ఎనభై నాలుగులో తెచ్చాడు వీణ్ణి,
కజక్ మైదానాల్లో సిపాయి పని ముగించుకుని,
రోజుల తరబడి రైల్లో, ఉన్ని టోపీలో పెట్టుకుని.
"ఓడ దిగిన కెప్టెన్‌లా నడుస్తాడు చూడు" అన్నాడు.
గునార్స్ పోయి పదకొండేళ్ళు.
టోపీని చిమ్మటలు తిన్నాయి.

పక్కింటి ఒల్గెర్ట్స్ వచ్చి చూసి
బొమ్మకారు చక్రం అంటిద్దామన్నాడు.
జిగురు గొట్టం అప్పటికే చేతిలో ఉంది.
"ముందు ఎందుకో తెలియాలి" అన్నాను,
డిపోలో మెకానిక్కులందరికీ చెప్పిన మాటే.
అలిగి వెళ్ళిపోయాడు,
చక్రం మాత్రం బల్ల మీద వదిలి.

రొట్టెల బుట్టలో తువ్వాలు పరిచి
వేడినీళ్ళ సీసా పక్కన పెట్టి
నేను నడిపిన ట్రామే ఎక్కాను, టికెట్టు కొనుక్కుని.
మలుపుల్లో కొత్త కుర్రాడు బ్రేకు తొక్కిన ప్రతిసారీ
బుట్టని పొట్టకి అదుముకుని
వాడి వంశాన్ని తిట్టాను.

డాక్టర్ సర్మీతెకి ముప్ఫై నిండి ఉండవు.
పిల్లులే ఎక్కువ, తాబేళ్ళు ఏడాదికి రెండు, అంది
దాచుకోకుండా.
కాలు వంచింది, చాచింది, గోరు మొదట్లో గిల్లింది.
ఎముక విరగలేదంది. కీలు వాయలేదంది.
ఎక్స్‌రే తీసి చాలాసేపు చూసింది.
తర్వాత ఎవరికో ఫోన్ చేస్తూ తలుపు వేసుకుంది.

"ఇన్నేళ్ళూ మగవాడనే అనుకున్నారా?"

నల్లటి ఫిలిం మీద, నా కెప్టెన్ కడుపులో,
మూడు కోల గుడ్లు, బల్బుల్లా తెల్లగా.
ఒకటి మిగతా రెండిటికంటే మందం,
తుంటి దగ్గర ఇరుక్కుని
నరాన్ని నొక్కుతోంది.
తోడు లేకపోయినా పెడతాయట.
పెట్టడానికి మట్టి లేకపోతే
మోస్తాయట.

పోయిన వసంతంలో తలుపు మూల గీకుతుంటే
లినోలియం పాడవుతుందని కసిరాను.
"ఏం కెప్టెన్, ఓడకి చిల్లు పెడతావా?" అని
నవ్వాను కూడా.

కాల్షియం. సూదిమందు.
రోజూ ఇరవై నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళు,
గడ్డం దాటకుండా.
ఒక తొట్టి నిండా ఇసుక.
ఇసుక ఒల్గెర్ట్సే తెచ్చాడు సముద్రపొడ్డు నుంచి,
ఉప్పు వదిలేదాకా నాలుగు నీళ్ళు కడిగి.
అలక సంగతి ఇద్దరం ఎత్తలేదు.

మూడో రాత్రి తవ్వింది.
మంచి కాలు ఒకసారి, చచ్చు కాలు ఒకసారి.
చచ్చు కాలి వంతు వచ్చినప్పుడు ఇసుక కదలదు,
అయినా దాని వంతు దానికి ఇచ్చింది,
ఒక్కసారి కూడా ఎగ్గొట్టలేదు.
దీపం ఆర్పి, పీట మీద కూర్చుని విన్నాను.
బర్రు. ఏమీ లేదు.
బర్రు. ఏమీ లేదు.

తెల్లారేసరికి రెండు.
ఆ మందపాటిది శుక్రవారం, ఇంకో సూది పడ్డాక.
ఒల్గెర్ట్స్ ఒకటి అడిగి తీసుకున్నాడు,
ఎందుకని నేనడగలేదు.

కాలు పూర్తిగా రాలేదు.
జూన్‌లో కింద పెరట్లో వదిలితే
డాండెలియన్ ఆకు దాకా వెళ్తుంది,
కాస్త ఎడమకి ఒరిగి, చుట్టు తిరిగి.
పట్టాలు లేని చోట అది తప్పేం కాదు.
"వచ్చాడు" అనబోయి నాలుక కరుచుకుని
"వచ్చింది" అంటాను.
తను తల కూడా తిప్పదు.
పిలుపు మాత్రం కెప్టెనే.

వంటింట్లో ఇప్పుడు మూడున్నర చప్పుళ్ళు.
ఆ అర కోసం
రేడియో కట్టేస్తాను.