ఇరవై రెండేళ్ళ వాన

గ్రిమ్స్‌బీ రేవు వెనక
పొగబెట్టిన చేప వాసన కోటు గుండీల్లోకి కూడా ఎక్కే వీధిలో
నా మరమ్మతు దుకాణం.
మంగళవారం తలుపు తీస్తుండగానే వచ్చింది డోరీన్ టస్కర్,
లాప్‌టాప్‌ని దుప్పట్లో చుట్టుకుని,
జ్వరం వచ్చిన పిల్లిని తెచ్చినట్టు.

"పడిపోతోంది" అంది.
ఎప్పుడు?
"వాన రాసుకునేటప్పుడు."

ఇరవై రెండేళ్ళుగా ప్రతి పొద్దునా తొమ్మిదింటికి
పెరట్లో రాగి గొట్టంలో చేరిన నీళ్ళని
గాజు కొలపాత్రలోకి వంచి
మిల్లీమీటర్లలో ఎక్కిస్తుందట.
ఎవరి కోసమని అడగలేదు నేను.
కొందరు రామకోటి రాస్తారు.

నీలి తెర. మళ్ళీ మొదలు. మళ్ళీ నీలి తెర.
మెమరీ కడ్డీలు తీసి తుడిచి పెట్టాను. కాదు.
వేడెక్కుతోందేమోనని ఫ్యాను విప్పితే
పిల్లి వెంట్రుకలు, నిజంగానే ఉందన్నమాట పిల్లి.
అదీ కాదు.
నాలుగోసారికి గాని నా బుర్రకి తట్టలేదు:
పడిన ప్రతిసారీ ఒకే ఫైలు గుమ్మంలో పడుతోంది,
రెండు వేల పద్నాలుగు, నవంబరు.

డిస్కుకి చెవి ఆనించాను.
టిక్కు. టిక్కు. ఆగి, మళ్ళీ టిక్కు.
తాళంచెవి ఎక్కడ పెట్టాడో మరిచినవాడు
గడప ముందు నిలబడి జేబులు తడుముకుంటున్నాడు.

మా ముత్తాత కరణీకం చేసేవాడట.
ఒక తుఫాను ఏడు అడంగలు పుస్తకం తడిసి అట్టకట్టింది.
పొలాలు ఎక్కడివక్కడే ఉన్నాయి,
గట్లు కూడా ఉన్నాయి,
ఏది ఎవరిదో చెప్పే కాగితమే పోయింది.
ఆ ఏడు ఊళ్ళో ఎన్ని తలలు పగిలాయో
మా ఇంట్లో లెక్క చెప్పరు.

చచ్చిపోయే డిస్కుకి వైద్యం చెయ్యకూడదు,
ముందు దాని మాటలు రాసుకోవాలి.
రాత్రంతా నకలు తీశాను, గడి గడీ.
తెల్లారేసరికి చదవలేని గడులు ఎనిమిది వందల పన్నెండు.
ఇక నకలు మీద కత్తి పెట్టొచ్చు.
సరిచెయ్యనా? అని అడిగింది. చెయ్యి.
సరిచెయ్యనా? చెయ్యి.
అది సరిచెయ్యడమంటే మనం అనుకునేది కాదు;
పొసగనిదాన్ని నరికేసి
మిగిలింది శుభ్రంగా ఉందంటుంది.

నరికినవన్నీ ఒక మూల పోగుపడ్డాయి,
పేర్లు లేవు, ఒంటి మీద అంకెలు తప్ప.
తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్లల్ని
మైకు పందిట్లో కూచోబెట్టినట్టు కూచోబెట్టి
ఒక్కొక్కదాన్నీ అడిగాను:
మీదే సంవత్సరం? మీ నెలలో మంచు పడిందా?
చాలామంది చెప్పారు.
నవంబరు మాత్రం ఎనిమిదో తేదీ దాకా మాట్లాడి,
పన్నెండు రోజులు ఏదో గొణిగి,
ఇరవై ఒకటిన మళ్ళీ తెలివిలో పడింది.

గురువారం క్షమాపణ సిద్ధంగా పెట్టుకున్నాను.
ఆమె తెర చూసి కళ్ళజోడు తీసింది.
"ఆ పన్నెండు రోజులూ నేను లింకన్ ఆసుపత్రిలో ఉన్నాను,
మా అక్క పాలీన్ దగ్గర.
తిరిగొచ్చాక ఊహించి రాశాను.
రెండు పాయింట్ నాలుగు, సున్నా, ఒకటి పాయింట్ రెండు,
నమ్మేలా రాయడానికి ఓ సాయంత్రం పట్టింది."

డిస్కుకి నిజమూ అబద్ధమూ తెలియవు,
ఆ చోట పూత లేచింది, అంతే.
అదే చెప్పాను.
ఆమె వింది గాని నమ్మినట్టు లేదు.
వాతావరణ శాఖ లెక్కలు తెచ్చి నింపనా అంటే
"వద్దు. ఖాళీగానే ఉండనీ" అంది.

కొత్త డిస్కు. ఇంకో నకలు పెన్‌డ్రైవులో,
టీపొడి డబ్బాలో దాస్తానంది.
చిల్లర లెక్కపెడుతూ గోడ గడియారం చూసింది,
తొమ్మిదీ పది. బయట సన్నగా పడుతోంది.
"అయ్యో, గొట్టం!" అంటూ
డెబ్భై ఏళ్ళ మనిషి పరుగులాంటి నడక.

దుప్పటి మరిచిపోయింది.
వెంట్రుకలు దులిపి మడత పెట్టాను.
పాత డిస్కు బల్ల మీదే ఉంది, కరెంటు లేదు.
అయినా ఒకసారి
చెవి దగ్గర పెట్టుకుని చూశాను.