నాలుగు బై పద్నాలుగు

బ్రాడీపేటలో వీధి పేరు ఎవరూ చెప్పరు.
నాలుగు బై పద్నాలుగు అంటారు, అంతే.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
పొద్దున ఐదున్నరకి నా భుజం మీద ఇరవై లీటర్లు
ఆ అంకెల్ని వెతుక్కుంటూ పోతాయి.

సాయంత్రం ఇన్‌స్టిట్యూట్‌లో
కోటిరత్నం మేడం బోర్డు మీద గళ్లు గీసింది.
"అడ్డం, నిలువు మన కంటి కోసం.
మెమరీకి లైన్లు తెలీవు సైదులూ,
పేటంతా సాగదీసి ఒకటే వీధి చేసినట్టు."
లైనుకి ఇరవై అడ్డరోడ్లు అనుకుంటే
నాలుగిరవైలు ఎనభై, పైన పద్నాలుగు,
తొంభై నాలుగు గడపలు దాటాక నా గడప.
లెక్క సున్నా నుంచి, అదొకటి.
సున్నా నంబరు ఇంట్లో ఎవరుంటారో
వాళ్లకి నీళ్లెవరేస్తారో.

ఏ అని ప్రింటు చేశాను, ఒక అంకె వచ్చింది.
ఏ సున్నా అన్నాను, అదే అంకె.
ఏ సున్నా సున్నా చిరునామా అడిగాను,
మళ్లీ అదే.
మూడూ ఒకటైతే మూడు పేర్లెందుకని
రాత్రి నిద్రపట్టలేదు.

తెల్లారి బ్రిడ్జి దిగి
రెండో లైను మొగలో ట్రాలీ ఆటో ఆగింది.
"ఇంకొకటి ముందుకి" అన్నాడు ఓనరు ఫోన్లో.
డ్రైవరు చిన్నప్పయ్య లైను మొత్తం దాటించి
మూడో లైను మొగలో ఆపాడు.
నేను అప్పటికే దిగి, క్యాను ఎత్తుకుని
పక్కింటి గేటు తీశాను.
ఇద్దరం బయల్దేరింది ఒక్కచోటి నుంచే.
ఒకటి అన్నమాట మాత్రం
అతనికి ఒక లైను, నాకు ఒక గడప.
క్యాను దించకుండానే నవ్వాను.
ఏంటబ్బాయ్ అంది ఇంటావిడ.
ఏం చెప్పను.

జేబులో చీటీలున్నాయి.
చీటీ ఇల్లు కాదు, ఇల్లెక్కడో చెప్పే కాగితం.
ముందు స్టారు పెడితేనే తలుపు తీస్తారు.

మూడు బై తొమ్మిది అని ఒకటుంది.
మిషను కుట్టే బాజీబీ అద్దెకున్న ఇల్లు.
చిల్లర గుడ్డపీలికలో మూటగట్టి
ఖాళీ క్యాను మీద పెట్టేది,
రోజుకో రంగు పీలిక.
ఏప్రిల్లో పడగొట్టారు.
ఇప్పుడక్కడ ఇనపచువ్వలు, అపార్ట్‌మెంటు బొమ్మేసిన ఫ్లెక్సీ.
ఆమె ఎటెళ్లిందో పక్కవాళ్లకీ తెలీదు.
చీటీ ఇంకా అటే చూపిస్తోంది.

"ఖాళీ చేసిన చోటుని చూపించే పాయింటరు ప్రమాదం.
వెంటనే నల్ పెట్టెయ్యాలి" అంది మేడం.
నోట్సులో రాసుకున్నాను,
కింద రెండు గీతలు కూడా గీశాను.

చీటీ మాత్రం, చొక్కా మార్చినప్పుడల్లా,
ఆ జేబులోంచి ఈ జేబులోకి.