సీటు జరగదు

నాయన పోయి నాలుగేండ్లు.
షెడ్డులో ఫియట్ మీద కప్పిన గోనెపట్ట తీస్తే
మొదట వచ్చింది బెల్లం వాసన.
ఆ తర్వాతే పెట్రోలూ, రెగ్జినూ, ఎలుకల ఉచ్చా.

చిత్తూరు బెల్లం మండీలో ముప్పై ఏండ్లు
అచ్చు గిల్లి నాలిక మీద పెట్టుకుని
ఇది ఐరాల చెరుకు, ఇది పూతలపట్టుది అని చెప్పే మనిషి.
శాంపిలు ముక్కలు జేబులో వేసుకుంటే అమ్మ తిడుతుందని
డ్యాష్‌బోర్డు అరలో దాచేవాడు.
చీమలకి ఆ సంగతి మాకంటే ముందే తెలుసు.
స్టీరింగు మీదుగా వరస కట్టి పొయ్యేవి.
"టికెట్టు లేని ప్యాసింజర్లు" అని
ఒక్కొక్కదాన్నీ ఊది, ఊది,
అప్పుడు తాళం తిప్పేవాడు.

ఆరడుగుల మనిషి.
ముందు సీటు బెంచీ మాదిరి ఒకటే పొడుగు,
దాన్ని పట్టాల మీద చివరాఖరికి తోస్తే గానీ
ఆయన మోకాళ్ళు పట్టవు.
వెనక మేం ముగ్గురం, నేనూ సుగుణా దామోదరం,
గడ్డానికి మోకాళ్ళు ఆనించుకుని
మూటల మాదిరి కాణిపాకం పోయినాం, తిరుత్తణి పోయినాం,
ఒక అర్ధరాత్రి దామోదరానికి ఫిట్సొస్తే
వేలూరు ఆస్పత్రికీ అట్లే పోయినాం.
ఆ రాత్రి దీనికి ఒక లైటే వెలిగింది.
ఒంటికన్నుతో వేలూరు దాకా.
నాయన ఒక్క మాట మాట్లాడలేదు.
తెల్లారినాక ఆస్పత్రి గేటు బయట
బానెట్టు మీద చెయ్యేసి
ఎద్దుని దువ్వినట్టు దువ్వినాడు.
అది చూసింది నేనొక్కదాన్నే.

మొగిలి ఘాటెక్కితే మాత్రం మొండికేసేది.
ఆవిర్లు కక్కి ఆగిపోతే "దానికి దప్పికైంది" అని
డిక్కీలో నుంచి నూనె డబ్బా తీసి నీళ్ళు పోసేవాడు.
ఆ ఆగడం కూడా లెక్కేసుకునే
అమ్మ ఇంటికాణ్ణించి ఒక పొట్లం ఎక్కువ కట్టేది.

నాకూ నేర్పించు నాయనా అంటే
"నీ కాళ్ళందవు మే" అనేవాడు.
సీటు ముందుకి జరిపితే అందుతాయి గదా అంటే
వినపడనట్టు అద్దం తుడిచేవాడు.

నిన్న మదనపల్లి నుంచి దామోదరం ఫోను.
బెంగుళూరు పార్టీ ఒకటి వస్తుందంట,
పెండ్లి ఫోటోలకి అద్దెకిస్తారంట,
గులాబి రంగు కొట్టిస్తారంట.
"పాత ఇనుమే గదక్కా, తలా కొంచెం వస్తుంది."
వేలూరు సంగతి వాడికి గుర్తులేదు.
అప్పటికి మూడేండ్లు వాడికి.
నేనూ ఎత్తలేదు.

దస్తగిరి మేస్త్రి కొత్త బ్యాటరీ పట్టుకుని వచ్చినాడు.
మూడు సార్లు దగ్గి, నాలుగో సారికి లేచింది.
ఎక్కి కూర్చున్నా.
నిజమే, క్లచ్చి అందదు.
యాభై రెండేండ్లదాన్ని, సీటు అంచుకి జారి
బొటనవేలితో తడుముకుంటా ఉన్నా.

"సీటు జరగదమ్మా, తుప్పు కరిచి పెట్టుకోనుండాది" అని
పట్టాలకి నూనె పోసి, సుత్తితో రెండు దెబ్బలేసి,
కీచుమనిపించి, జానెడు ముందుకి లాగినాడు.
కాళ్ళు అందినాయి.
అది జరిగిన చోట, ఎన్నడూ ఎండ చూడని రేకు మీద
రాయైపోయిన బెల్లం పెళ్ళ,
ఒక చొక్కా గుండీ,
సుగుణ పారేసుకుని దెబ్బలు తిన్న కమ్మ మర.

"ఇప్పుడు ఎంత సుఖంగా ఉండాదో చూడండి" అన్నాడు మేస్త్రి.
సుఖంగానే ఉంది.
దిగినా.
"మళ్ళా వెనక్కి తొయ్యి."
నా మొగం చూసి, ఏమీ అడక్కుండా తోసినాడు.

ఇంట్లో నుంచి రెండు దిండ్లు తెచ్చి వీపుకి ఆనించుకుని
స్టీరింగు మీద ఒంటరి చీమ ఉంటే ఊది
కట్టమంచి దాకా పోయి వచ్చినా,
దారి పొడుగునా రెండో గేరులోనే.
వెనక లారీ వాడు తిట్టినాడు, అరవంలో కొంత, తెలుగులో కొంత.

రేపు పదింటికి బెంగుళూరు వాళ్ళు వస్తారు.
ఏం చెప్తానో నాకే తెలీదు.
దిండ్లు మాత్రం ఇంకా కారులోనే ఉన్నాయి.