నీళ్ళలో గొడ్డు

వెల్లుల్లి అమ్మగా నా చేతిలో మిగిలింది
నూట ఇరవై వేల పెసోలు.
పదివేలు తీగలకీ పడవ కిరాయికీ పక్కన పెట్టాను.

మా ఆచావోలో స్పీకర్లు అమ్మే కొట్టు లేదు.
కాస్త్రో బజార్లో దొరికేవి
అరవడం తప్ప పాడటం రాని ప్లాస్టిక్ డబ్బాలు.
మంచివి ప్వెర్తో మోంత్‌లో ఉన్నాయి,
రెండు పడవలు, ఒక బస్సు అవతల,
అట్టపెట్టెల్లో నోరు కుట్టించుకుని.
"టేపు విప్పితే కొన్నట్టేనమ్మా"
అంటాడు ఫోన్లో ఎవరిస్తో.

నీళ్ళలో గొడ్డుకి బేరం.
కొమ్ములే కనిపిస్తాయి.
కాలు కుంటో కాదో ఒడ్డెక్కితే గాని తెలీదు.

సరే, కొమ్ములే లెక్కపెట్టాను:
శంకువు ఆరున్నర అంగుళాలు,
ఎనిమిది ఓములు,
మరి బరువు?
నవ్వాడు. "బంగాళాదుంపల్లా తూచి కొంటావా?"
ఔను, తూచే కొంటాను.
తేలిక పెట్టె తానే మోగుతుంది,
లోపలివాడి గొంతు బయటికి రానివ్వదు.
నలభై ఏళ్ళు పడవలకి పలకలు బిగించిన నాన్న చెప్పిన మాట అది,
చెప్పింది స్పీకర్ల గురించి కాదు.

గొణుక్కుంటూ కాటా తెచ్చి తూచాడు.
ఒక్కోటి ఐదు కిలోల ఎనిమిది వందలు.
పక్కనున్న మెరిసే జత మూడు కిలోలే,
కానీ దాని ముందు నీలం దీపం వెలుగుతుందట.
పాటకి దీపమెందుకయ్యా?

"పోనీ, గొంతు ఎలా ఉంటుందో అదైనా చెప్పు."
కాసేపు ఆలోచించాడు.
"వెచ్చగా."
వెచ్చగా అంటే?
రొట్టె వెచ్చనా, జ్వరం వెచ్చనా?
వాడికీ తెలీదు.
నూట పదిహేను చెప్పి నూట పదికి దిగాడు,
తేడాకి రెండు జడల వెల్లుల్లి ఒప్పుకుని.

వచ్చాయి. రెండు కుర్చీల మీద కూర్చోబెట్టాను.
యాంప్లిఫయరు ఎప్పుడో
రేడియోలు బాగుచేసే బౌతిస్తా
ఒక బస్తా దుంపల బాకీకింద ఇచ్చి పోయింది.
అత్త వాయించిన అకార్డియన్ టేపు పెట్టాను.

అత్త లేదు.
వాయిద్యం ఉంది, దానికి అడుగు లేదు,
గదిలో ఎక్కడా కాని చోటు నుంచి వస్తోంది,
పొరుగింట్లో ఎవరో తలుపు వేసుకుని వాయిస్తున్నట్టు.
కుర్చీలు జరిపాను. కంబళి పరిచాను.
మూడు రోజులు ఎవరిస్తోని తిట్టాను,
నా కాటాని తిట్టాను,
చచ్చిపోయిన నాన్నని కూడా కొంచెం.
నాలుగో పొద్దున పెట్టెలు కట్టేద్దామని టేపు వెతుకుతుంటే
గుడ్ల కోసం వచ్చింది పక్కింటి ఒరియానా,
ఏడో తరగతి.
వంగి వెనక్కి చూసింది.
"ఎడమదానికి ఎరుపు తీగ నలుపులో గుచ్చావే, పిన్నీ.
ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగుతోంది."

మార్చి గుచ్చింది. గుడ్లు తీసుకుని పోయింది.

రెండు కుర్చీల మధ్య
కుర్చీ లేని చోట
అత్త వచ్చి కూర్చుంది.
వేళ్ళ కింద మీటల టకటక,
తిత్తి పూర్తిగా సాగినప్పుడు దాని నిట్టూర్పు,
రెండో వాల్ట్జ్ మధ్యలో ఓ చిన్న దగ్గు.
ముప్పై ఏళ్ళుగా విన్న టేపు,
ఆ దగ్గు నాకు తెలీదు.

ఆ నీలం దీపం జత ఎలా పాడేదో
ఇక ఎప్పటికీ తెలీదు.
ఒక్కోసారి రాత్రి గుర్తొస్తుంది,
చేసుకోని సంబంధంలా.

ఎవరిస్తో ఫోన్ చేశాడు,
జడలు ఎప్పుడు పంపుతావని.
పనిలో పనిగా, ఎలా ఉన్నాయన్నాడు.
మాట కోసం చాలాసేపు తడుముకున్నాను.
అప్పుడే రేకు మీద వాన మొదలైంది,
ఈ వైపు మొదలైతే వారం వదలదు.
"వెచ్చగా," అన్నాను
సిగ్గుపడుతూ,
వినపడలేదంటే
ఇంకోసారి గట్టిగా.